ఒక గది, నాలుగు భాషలు, చేతిలో చీపురు: బ్యూనస్ ఎయిర్స్ అద్దె ఇళ్ళ కథ

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక అద్దె ఇల్లు ఉంది. దాంట్లో ముప్పై నలభై గదులు. గదికో కుటుంబం. మధ్యలో ఆకాశం కనపడే వాకిలి. ఎక్కడెక్కడి నుంచో ఓడ దిగి వచ్చిన జనం. ఇంటి బయట ఊరంతా స్పానిష్. ఇంటి లోపల మాత్రం ఎవరి భాష వాళ్ళది.

పరాయి దేశంలో మనిషి ఎప్పుడు స్థిరపడినట్టు? వీసా వచ్చినప్పుడా, ఉద్యోగం దొరికినప్పుడా, భాష వచ్చినప్పుడా? ఈ ప్రశ్నకి నాకు నచ్చిన జవాబు 1907లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో దొరికింది. అక్కడికి నెమ్మదిగా వెళ్దాం. ముందు ఆ ఇళ్ళు ఎలా పుట్టాయో చూడాలి.

1853లో అర్జెంటీనా రాజ్యాంగం రాసుకుంది. దాని 25వ అధికరణం ఏమంటుందంటే, యూరప్ నుంచి వలసలను ప్రభుత్వం ప్రోత్సహించాలి అని. అంటే వలసలకి రాజ్యాంగమే ఆహ్వానపత్రిక ఇచ్చిందన్నమాట. కారణం సింపుల్. భూమి బోలెడంత ఉంది, జనం లేరు. గోధుమ పండించాలి, పశువుల్ని మేపాలి, రైలు పట్టాలు వెయ్యాలి, ఓడరేవు కట్టాలి. ఇవన్నీ ఎవరు చేస్తారు?

అటు ఇటలీలో, స్పెయిన్‌లో పల్లెల్లో పేదరికం. పొలం చిన్నది, పిల్లలు ఎక్కువ, పన్నులు ఇంకా ఎక్కువ. దాంతో జనం ఓడలెక్కారు. 1870 నుంచి 1930 లోపల 60 లక్షలకు పైగా మనుషులు అర్జెంటీనా వచ్చారు. వాళ్ళలో దాదాపు సగం మంది తిరిగి వెళ్ళిపోయారు. ఈ రెండో సంఖ్య గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. చాలామంది వచ్చింది ఉండిపోదామని కాదు. నాలుగేళ్ళు కష్టపడి, నాలుగు డబ్బులు వెనకేసుకుని, ఊళ్ళో పొలం కొనుక్కుందామని. మన దగ్గర కూడా ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది కదా, "ఐదేళ్ళు అమెరికాలో, తర్వాత ఇండియా వచ్చేస్తా" అని.

ఇంకో రకం వాళ్ళు కూడా ఉండేవాళ్ళు. అర్జెంటీనా భూగోళానికి దక్షిణాన ఉంది కాబట్టి ఇటలీలో చలికాలమైతే అక్కడ ఎండాకాలం. కొందరు ఇటలీలో కోత ముగించుకుని ఓడెక్కి, అర్జెంటీనాలో గోధుమ కోతకి వచ్చి, పని అయ్యాక మళ్ళీ ఇటలీ వెళ్ళేవాళ్ళు. వాళ్ళని స్పానిష్‌లో గొలొంద్రీనాలు అనేవాళ్ళు, అంటే వాన కోయిలలు. సీజన్‌ని బట్టి వచ్చి పోయే పిట్టలన్నమాట.

మరి దిగిన వెంటనే ఎక్కడుండాలి? 1876లో చేసిన వలస చట్టం ప్రకారం, దిగినవాళ్ళకి ఐదు రోజులు ప్రభుత్వం ఉచితంగా బస, భోజనం ఇవ్వాలి. దానికోసం వలసదారుల హోటల్ అని పెట్టారు. 1911లో రేవు దగ్గర పెద్ద కాంక్రీటు భవనం కట్టారు. అది ఇప్పుడు మ్యూజియం. పేరుకే హోటల్, నిజానికి వరసగా మంచాలు వేసిన పెద్ద డార్మిటరీ. ఐదు రోజులయ్యాక మూట సర్దుకోవాలి. పొలం పనికి రైలెక్కేవాళ్ళు రైలెక్కారు. నగరంలో ఉండాలనుకున్నవాళ్ళు మాత్రం గది వెతుక్కున్నారు.

ఆ గది దొరికేది కొన్వెంతీయోలో. స్పానిష్‌లో కొన్వెంతో అంటే క్రైస్తవ సన్యాసుల మఠం. కొన్వెంతీయో అంటే చిన్న మఠం. మఠంలో సన్యాసుల గదుల్లాగా ఇరుకుగా వరసగా గదులుంటాయి కాబట్టి వెటకారంగా ఆ పేరు పడింది. బ్యూనస్ ఎయిర్స్ వాళ్ళ నోట్లో ఆ చివరి "యో" కాస్తా "షో" లాగా వినిపిస్తుంది, అది వేరే సంగతి.

ఈ ఇళ్ళలో కొన్ని ఒకప్పటి ధనవంతుల భవంతులు. 1871లో నగరంలో పచ్చజ్వరం వచ్చింది. రెండు లక్షల జనం కూడా లేని ఊళ్ళో కొద్ది నెలల్లోనే 13,000 మందికి పైగా చచ్చిపోయారు. అప్పటిదాకా దక్షిణాన సాన్ తెల్మో పేటలో ఉన్న డబ్బున్న కుటుంబాలు భయపడి ఉత్తరం వైపుకి వెళ్ళిపోయాయి. వాళ్ళ ఇళ్ళు ఎలా ఉండేవో మనవాళ్ళకి చెప్పడం తేలిక. మన మండువా లోగిలి గుర్తుందా? మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ, చుట్టూ గదులు. దాదాపు అదే ప్లాన్. దాన్ని గది గదిగా విడగొట్టి అద్దెకిచ్చేశారు. ఒక కుటుంబం బతికిన ఇంట్లో ముప్పై కుటుంబాలు. ఈ వ్యాపారంలో లాభం కనపడగానే, అద్దెకివ్వడం కోసమే చవకగా కొత్తవి కట్టడం మొదలైంది. రేవు పక్కన లా బోకా పేటలో చెక్కతో, ముడతల రేకులతో కట్టినవి అలాంటివే.

గది సుమారు నాలుగు మీటర్ల పొడుగు, నాలుగు మీటర్ల వెడల్పు. చాలా గదులకి కిటికీ ఉండదు, వెలుతురు తలుపు నుంచే. తలుపు పక్కనే బొగ్గుల కుంపటి, అదే వంటిల్లు. వానొస్తే కుంపటి లోపలికి, పొగ కూడా లోపలికి. ఒంటరి మగాళ్ళయితే ఇంకా దారుణం. "వేడి మంచం" అనే పద్ధతి ఉండేది. మంచాన్ని షిఫ్టుల్లో అద్దెకిస్తారు. రాత్రి డ్యూటీ వాడు లేచి వెళ్ళగానే పగలు పడుకునేవాడు వస్తాడు. ముందు పడుకున్నవాడి ఒంటి వేడి పోకముందే అన్నమాట. నేను జాబ్‌లో చేరిన కొత్తలో మాదాపూర్‌లో త్రీ షేరింగ్ రూమ్‌లో ఉన్నా. నైట్ షిఫ్ట్ రూమ్మేట్ ఒకడు, డే షిఫ్ట్ నేను. అది కష్టమనుకునేవాణ్ణి. కనీసం నా మంచం నాది.

1904 నగర జనగణనలో ఇలాంటి ఇళ్ళు 2,400కి పైగా లెక్కకొచ్చాయి. వాటిలో ఉన్నవాళ్ళు లక్షా ముప్పై వేల పైచిలుకు. అప్పుడు నగర జనాభా తొమ్మిదిన్నర లక్షలు. అంటే ఏడుగురిలో ఒకరు ఇలాంటి గదిలోనే బతికారు. మిగతా చాలామంది కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి గదిని దాటొచ్చినవాళ్ళే.

ఇప్పుడు అసలు విషయం, భాష. మనం "ఇటలీ వాళ్ళు" అని ఒకే మాటలో అనేస్తాం. కానీ ఇటలీ ఒక దేశంగా ఏర్పడిందే 1861లో. జెనోవా రైతుకి తెలిసింది జెనోవా భాష. నేపుల్స్ కూలీకి తెలిసింది నేపుల్స్ భాష. కలాబ్రియా వాడు మాట్లాడితే ఈ ఇద్దరికీ అర్థం కాదు. పుస్తకాల ఇటాలియన్ మాట్లాడేవాళ్ళు దేశం మొత్తంలో చాలా కొద్దిమంది. స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళలో కూడా ఎక్కువమంది గలీసియా ప్రాంతం వాళ్ళు, వాళ్ళింట్లో గలీసియన్. ఇంకా రష్యా సామ్రాజ్యం నుంచి యిద్దిష్ మాట్లాడే యూదులు, సిరియా లెబనాన్ ప్రాంతాల నుంచి అరబిక్ మాట్లాడేవాళ్ళు.

దీనివల్ల ఒక తమాషా జరిగింది. జెనోవా ఆవిడకి పక్క గది నేపుల్స్ ఆవిడతో మాట్లాడాలన్నా స్పానిషే కావాల్సి వచ్చింది. ఒకే దేశం వాళ్ళిద్దరూ పరాయి దేశపు భాషలో కలిశారు. అదీ సరైన స్పానిష్ కాదు, ఇద్దరిదీ విరిగిన స్పానిషే. నవ్వేవాడు ఎవడూ లేడు, ఎందుకంటే అందరిదీ అదే పరిస్థితి. బడి, టీచరు లేని క్లాసు ఆ వాకిట్లోనే నడిచింది. నీళ్ళ కుళాయి దగ్గర వరసలో, బట్టలు ఆరేసే తాడు దగ్గర గొడవలో, పిల్లాడికి జ్వరమొస్తే తట్టిన పక్కింటి తలుపు దగ్గర.

ఆ ఇటాలియన్ కలిసిన స్పానిష్‌కి కొకొలీచే అని పేరు. ఆ పేరు నాటకాల వాళ్ళు పెట్టింది. పొదెస్తా కుటుంబం సర్కస్ నాటకాల్లో కొకొలీచే అనే ఇటాలియన్ పాత్ర వచ్చీరాని స్పానిష్ మాట్లాడి జనాన్ని నవ్వించేది. మన సినిమాల్లో కూడా తెలుగు సరిగా రాని సేట్ పాత్ర పెట్టి నవ్విస్తారు చూడండి, అదే టైపు. కానీ చివరికి ఎవరు గెలిచారో చూడండి. ఈ రోజుకీ అక్కడ పనిని "లబూరో" అంటారు, అది ఇటాలియన్ "లవోరో". బద్ధకాన్ని "ఫియాకా" అంటారు, అదీ ఇటలీ నుంచే. వెళ్ళొస్తా అనడానికి "చావ్" అంటారు. ఈ వీధి భాషనే లున్‌ఫార్దో అంటారు. టాంగో పాటల నిండా అదే. ఎగతాళి చేసినవాళ్ళ నోట్లోకే ఆ మాటలు చేరిపోయాయి.

పేర్లు పెట్టడంలో మాత్రం ఎవరికీ దయ లేదు. ఇటలీలో ఏ మూల నుంచి వచ్చినా "తానో". నేపుల్స్ వాడు అనే మాటలోంచి వచ్చిన ముక్క అది. స్పెయిన్ వాడు ఎవడైనా "గల్యేగో". యూదుడైతే "రూసో", అంటే రష్యా వాడు. సిరియా, లెబనాన్ వాళ్ళ చేతిలో ఒట్టోమన్ తుర్కీ కాగితాలు ఉండేవి కాబట్టి వాళ్ళు "తుర్కో". పాపం, చాలామంది తుర్కుల పాలన భరించలేక పారిపోయి వస్తే వాళ్ళకి అదే పేరు. ఢిల్లీలో తెలుగువాణ్ణి, మలయాళీని కలిపి "మద్రాసీ" అన్నప్పుడు మనకెలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉండి ఉంటుంది.

తిండి సంగతి కూడా చెప్పాలి. అక్కడ మాతే అనే ఆకు టీ లాంటిది ఉంది. సొరబుర్రలో ఆకు వేసి, వేడినీళ్ళు పోసి, ఒకే లోహపు గొట్టంతో ఒకరి తర్వాత ఒకరు తాగుతారు. ఎంగిలి పట్టింపు లేదు. మీ వంతు వచ్చినప్పుడు "గ్రాసియాస్", అంటే థాంక్స్ అన్నారనుకోండి, "నాకింక చాలు" అని అర్థం, తర్వాతి రౌండులో మీకివ్వరు. ఇలాంటి రూల్ ఏ డిక్షనరీలోనూ ఉండదు, వాకిట్లో కూర్చుంటేనే తెలుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు వీళ్ళ మాతే నేర్చుకున్నారు, తమ వంటలు వీళ్ళకి నేర్పారు. జెనోవా వాళ్ళ దగ్గర శనగపిండితో చేసే మందపాటి అట్టు లాంటిది ఉంది, పేరు ఫైనా. ఇప్పుడు బ్యూనస్ ఎయిర్స్‌లో పిజ్జా మీద ఆ శనగపిండి ముక్క పెట్టుకుని తింటారు. మన శనగపిండి అట్టుకి అక్కడ చుట్టం ఉందన్నమాట.

ఇదంతా వింటే ఏదో పెద్ద ఉమ్మడి కుటుంబంలా అందంగా అనిపిస్తుంది. కానీ ఆ ఇంటి మీద ఒక మనిషి ఉంటాడు, ఎన్‌కర్‌గాదో అని. ఓనర్ గారి మనిషి. అద్దె వసూలు చేసేది, తలుపులు వేసేది, రూల్స్ పెట్టేది, కట్టలేనివాణ్ణి గెంటేసేది అతనే. ఓనర్ ఎక్కడో ఉత్తరాన ఉంటాడు, ఆయన మొహం కూడా ఎవరికీ తెలియదు. గదిలోకి రావాలంటే మూడు నెలల అద్దె డిపాజిట్. బాగుచేయించడం మాత్రం ఉండదు. ఒక కూలీ సంపాదనలో పెద్ద ముక్క ఈ పదహారు చదరపు మీటర్లకే పోయేది.

మగాళ్ళు రేవుకో, ఫ్యాక్టరీకో వెళ్ళిపోతారు. పగలంతా ఆ ఇంట్లో ఉండేది ఆడవాళ్ళు, పిల్లలు. వాళ్ళు ఖాళీగా ఉంటారనుకోకండి. బయటి ఇళ్ళ బట్టలు ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం, ముక్కకింత అని కుట్టుపని, అన్నీ ఆ గదిలోనే, ఆ వాకిట్లోనే. అంటే ఆ గది వాళ్ళకి ఇల్లూ, ఆఫీసూ రెండూ. అద్దె పెరిగితే, కుళాయి ఆగిపోతే, ఎన్‌కర్‌గాదో అరిస్తే మొదట తగిలేది వాళ్ళకే. అందుకే తర్వాత జరిగిన కథలో ముందు నిలబడింది వాళ్ళే.

1907. వచ్చే సంవత్సరానికి మున్సిపాలిటీ ఇళ్ళ మీద పన్ను పెంచింది. ఓనర్లు ఆ భారం ఎవరి మీద వేస్తారో చెప్పక్కర్లేదు. అద్దెలు పెరిగాయి. బర్రాకాస్ వైపు ఇతుసైంగో వీధిలో "లోస్ క్వాత్రో దీకెస్" అని ఒక కొన్వెంతీయో ఉండేది. నాలుగు డాక్‌లు అని అర్థం. 130కి పైగా గదులున్న పెద్ద ఇల్లు. వాళ్ళు అద్దె కట్టం అన్నారు. అంతే, అంటుకుంది. కొన్ని వారాల్లో వందల ఇళ్ళు, తర్వాత వెయ్యి దాటాయి. సుమారు లక్ష మంది ఇందులో ఉన్నారని అంచనా. రొసారియో, బహియా బ్లాంకా లాంటి వేరే ఊళ్ళకీ పాకింది.

వాళ్ళ డిమాండ్లు చూస్తే ముచ్చటేస్తుంది, అంత సూటిగా ఉన్నాయి. అద్దె 30 శాతం తగ్గించాలి. మూడు నెలల డిపాజిట్ తీసెయ్యాలి. ఇల్లు శుభ్రంగా, బతకడానికి వీలుగా పెట్టాలి. సమ్మె చేసినందుకు ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. సోషల్ మీడియా లేదు, ఫోన్లు లేవు, చాలామందికి చదువు రాదు, ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. ప్రతి ఇంటికీ ఒక కమిటీ, వాటన్నిటికీ ఒక కేంద్ర కమిటీ. కార్మిక సంఘాలు, అరాచకవాదులు, సోషలిస్టులు సాయం చేశారు, నిజమే. కానీ ఇంటి వాకిట్లో రోజూ కుళాయి దగ్గర కలిసే ఆడవాళ్ళ మధ్య ఉన్న నెట్‌వర్క్ ఏ సంఘానికీ లేదు.

అప్పుడు ఒక ఊరేగింపు జరిగింది. ఆడవాళ్ళు, పిల్లలు చీపుర్లు పట్టుకుని లా బోకా వీధుల్లో నడిచారు. ఓనర్లని ఊడ్చేస్తాం అని. అందుకే దీన్ని చీపుర్ల సమ్మె అని కూడా అంటారు. "కారాస్ ఇ కరేతాస్" అనే వారపత్రిక ఆ ఫోటోలు వేసింది. చీపుర్లు పైకెత్తిన పిల్లలు కెమెరా వైపు చూస్తున్న ఫోటో నెట్‌లో దొరుకుతుంది, చూడండి. నవ్వుతున్నట్టే ఉంటారు, కానీ వాళ్ళ తలమీది కప్పు ఆ వారం ఉంటుందో లేదో తెలియదు.

ప్రభుత్వం పోలీసుల్ని పంపింది. పోలీసు అధిపతి కర్నల్ రమోన్ ఫాల్కోన్. ఖాళీ చేయించడానికి ఫైర్ ఇంజిన్ వాళ్ళ నీళ్ళ గొట్టాలు కూడా వాడారు. మెట్ల మీద నుంచి ఆడవాళ్ళు మరిగే నీళ్ళు పోసి ఎదుర్కొన్నారు. అక్టోబరులో సాన్ తెల్మోలో ఒక ఇంటి దగ్గర ఖాళీ చేయించే గొడవలో పోలీసు కాల్పులు జరిగాయి. మిగెల్ పేపే అనే టీనేజ్ కుర్రాడు చనిపోయాడు. వేల మంది అతని శవం వెంట నడిచారు. ఆడవాళ్ళు పాడె మోశారు. మన దగ్గర ఆడవాళ్ళు పాడె మొయ్యడం ఈ రోజుకీ ఎంత అరుదో మీకు తెలుసు. 1907లో అది చూసిన ఊరు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ప్రభుత్వం దగ్గర ఇంకో ఆయుధం ఉంది. 1902లో చేసిన నివాస చట్టం, నంబరు 4144. ఇబ్బంది పెడతాడనిపించిన విదేశీయుణ్ణి కోర్టు విచారణ లేకుండానే దేశం నుంచి పంపేయొచ్చు. స్పెయిన్‌లో పుట్టి చిన్నప్పుడే వచ్చిన హువానా రౌకో బుయేలా అనే అమ్మాయి ఈ సమ్మెలో ప్రసంగాలు చేసింది. అప్పటికి ఆమెకి 18 ఏళ్ళు. ఆమెని ఆ చట్టం కిందే పంపేశారు. ఒకప్పుడు "రండి" అని రాజ్యాంగంలో రాసిన దేశమే, "అద్దె ఎక్కువైంది" అన్నందుకు "పో" అంది. ఆ చట్టం రద్దయింది 1958లో.

మరి గెలిచారా? ఫిల్మీ క్లైమాక్స్ ఏమీ లేదు. కొన్ని ఇళ్ళలో ఓనర్లు దిగొచ్చారు, అద్దె తగ్గించారు. చాలా చోట్ల పోలీసులతో ఖాళీ చేయించారు. సంవత్సరం చివరికి సమ్మె చల్లారిపోయింది. తగ్గిన అద్దెలు కూడా తర్వాత మళ్ళీ పెరిగాయి. అద్దెల మీద దేశవ్యాప్తంగా అదుపు పెట్టే చట్టం రావడానికి 1921 దాకా పట్టింది.

మరి ఓడిపోయిన సమ్మె గురించి ఇంతసేపు ఎందుకు చెప్పానంటే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంఖ్య. వచ్చినవాళ్ళలో దాదాపు సగం మంది వెనక్కి వెళ్ళిపోయారు. వెళ్ళిపోదామనుకున్నవాడు అద్దె పెరిగితే ఏం చేస్తాడు? తిట్టుకుంటూ కడతాడు, లేదా మూట సర్దుతాడు. ఎలాగూ రెండేళ్ళలో పోయేవాణ్ణి, నాకెందుకు గొడవ అనుకుంటాడు. ఒక గది కోసం చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చి, దేశం నుంచి గెంటేస్తారని తెలిసి కూడా నిలబడ్డారంటే, ఆ మనిషి లోపల ఏదో తేలిపోయింది. "ఇది నా ఇల్లు, నేనిక్కడే ఉంటాను, కాబట్టి ఇది బాగుండాలి." స్పానిష్ ఎంత వచ్చు, కాగితాల్లో ఏముంది అనేది తర్వాత. నా లెక్కలో వాళ్ళు అతిథుల నుంచి ఊరివాళ్ళయింది ఆ రోజే.

ఇంకోటి. వాళ్ళని ఒకటి చేసింది ఒకే ఊరు, ఒకే భాష, ఒకే కులం లాంటివి కావు. ఒకే కుళాయి, ఒకే ఓనర్. మనవాళ్ళు బయటికెళ్తే మొదట మనవాళ్ళ రూమ్ వెతుక్కుంటారు, అందులో తప్పేమీ లేదు. కొత్త ఊళ్ళో చారు, పెరుగన్నం దొరికే చోటు కావాలి కదా. కానీ ఆ ఇళ్ళ చరిత్ర చెప్పేది, పక్క గది తలుపు కూడా తట్టమని. అవతలివాడి భాష కూడా మీ అంత విరిగిందే అయ్యుంటుంది.

లా బోకాలో కమినీతో అనే వీధిలో ఈ ఇళ్ళకి ఇప్పుడు రంగులేసి ఉంటాయి. టూరిస్టులు సెల్ఫీలు దిగుతారు. అక్కడి నుంచి కొన్ని వీధులు లోపలికెళ్తే ఆ రేకుల ఇళ్ళలో గదికో కుటుంబం ఇప్పటికీ ఉంటోంది. ఎప్పుడైనా అటు వెళ్తే, రంగుల గోడ దగ్గర ఫోటో దిగండి, కాదనను. కానీ లోపలి వాకిలి కూడా చూడండి.

ఈ ఎపిసోడ్ ఇంతే. పరాయి ఊళ్ళో రూమ్ షేర్ చేసుకుంటున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్ళకి పంపండి. మళ్ళీ కలుద్దాం. చావ్.